రెండో కార్డు పెట్టుకోవచ్చా? జీటీఎక్స్ 1080 ఎస్ఎల్ఐ రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ క్యాబినెట్ లోపల చూడండి, సైడ్ గ్లాస్ తీసేశాను. ఒకదాని కింద ఒకటి, రెండు ఎన్విడియా జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డులు. రెంటినీ కలుపుతూ ఈ అంచున గట్టి బ్రిడ్జి. ఇలా రెండు కార్డుల చేత ఒకే గేమ్ నడిపించే ఏర్పాటు పేరే ఎస్ఎల్ఐ. 2016లో వచ్చిన కార్డులివి. అప్పట్లో ఇలాంటి సిస్టమ్ ఫొటో ఎక్కడ కనిపించినా జూమ్ చేసి మరీ చూసేవాణ్ణి. ఇన్నేళ్లకి సెకండ్ హ్యాండ్‌లో రెండూ చేతికొచ్చాయి.

నన్ను చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, నా దగ్గర ఒక 1080 ఉంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇంకోటి తక్కువకే ఇస్తామంటున్నారు, తెచ్చి పెట్టుకోనా?" గేమ్స్ కోసమైతే వద్దు. ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చూపిస్తాను.

మొదట ఇది బాగా నడిచే చోటు చూద్దాం. జీటీఏ ఫైవ్, 4కే. మూలన ఉన్న అంకెలు చూడండి, రెండు కార్డులూ కష్టపడుతున్నాయి. ఒక్క కార్డుతో ఆడినదానికీ దీనికీ తేడా అంకెలు చూడకుండానే తెలుస్తోంది. నాకు నిజంగా సంతోషమేసింది. ఇప్పుడు సైబర్‌పంక్ 2077 తెరుస్తున్నా. పై కార్డు పూర్తి లోడ్ మీద ఉంది. కింది కార్డు? సున్నా దగ్గరే ఆగిపోయింది. పాడవలేదండి, దానికి పని చెప్పేవాళ్లే లేరు. ఈ గేమ్‌లో ఎస్ఎల్ఐ సపోర్ట్ లేదు.

ఇంకొకటి. రెండు కార్డుల మధ్య చెయ్యి పెడుతున్నాను, వేలు పట్టేంత సందే ఉంది. పై కార్డు ఫ్యాన్ పీల్చుకునేది కింది కార్డు వీపు మీద కాగిన గాలినే. జీటీఏ ఆడేటప్పుడు ఇక్కడ వేలు ఎక్కువసేపు ఉంచలేకపోయాను. 1080 మామూలు సెట్టింగ్స్‌లో 83 డిగ్రీలు తాకితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఒక్కో కార్డు 180 వాట్లు. రెంటికీ కలిపి 360 వాట్ల వేడి ఈ పెట్టెలోంచి బయటికి పోవాలి.

అసలు రెండు కార్డులు ఒకే బొమ్మని ఎలా గీస్తాయి? 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ2 కార్డుల్లో ఎస్ఎల్ఐ పేరుతో వచ్చిన పద్ధతి చాలా తేలిక. స్క్రీన్ మీద సరి గీతలు ఒక కార్డువి, బేసి గీతలు ఇంకోదానివి. ఆ కంపెనీ పోయాక ఎస్ఎల్ఐ అన్న పేరుని 2004లో ఎన్విడియా మళ్లీ తెచ్చింది, మరుసటి ఏడాదే ఏటీఐ (తర్వాత ఏఎండీలో కలిసింది) ఇలాంటిదే క్రాస్‌ఫైర్ అని తెచ్చింది. వీళ్లు ఎక్కువగా వాడిన పద్ధతి వేరు: ఒక ఫ్రేమ్, అంటే స్క్రీన్ మీద పడే ఒక పూర్తి బొమ్మ, ఈ కార్డు, తర్వాతి ఫ్రేమ్ ఆ కార్డు, వంతులవారీగా.

ఇక్కడే తంటా మొదలైంది. పది నిమిషాలకో బస్సు అని బోర్డు మీద ఉంటుంది. మీరు ఇరవై నిమిషాలు నిలబడ్డాక రెండూ వెనకాల వెనకాల వస్తాయి. లెక్క తప్పలేదు, మీకు మాత్రం ఎండ తగిలింది. ఫ్రేములూ అంతే. 60 ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి 60 ఫ్రేములు, ఒక్కోటి దాదాపు 16.7 మిల్లీ సెకన్లకి రావాలి. ఒకటి 8కి, తర్వాతిది 25కి వచ్చినా సగటు 60 అనే చూపిస్తుంది. కంటికి మాత్రం ఆట కుదుపుగా ఉంటుంది. మైక్రో స్టట్టర్ అన్నది దీన్నే. అందుకే ఉత్త ఎఫ్‌పీఎస్ చూసి ఏ కార్డూ కొనొద్దని ఎప్పుడూ చెబుతుంటాను.

అయినా ఎస్ఎల్ఐ ఊపిరి తీసింది కుదుపు కాదని నా అభిప్రాయం. మల్లెపూల దండ కట్టడం చూశారుగా, ముందు పువ్వుకి వేసిన ముడిని ఆనుకునే తర్వాతి ముడి పడుతుంది. ఒకే దండని ఇద్దరు చెరో పువ్వూ వంతులేసుకుని కట్టలేరు. ఇప్పటి గేమ్స్‌లో ఫ్రేములు అలాగే తయారయ్యాయి. అంచులు నునుపు చేసే టీఏఏ కానీ, చిన్నగా గీసిన బొమ్మని పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ కానీ, పాత ఫ్రేముల సమాచారం ఆధారంగానే కొత్త ఫ్రేమ్ తయారుచేస్తాయి. ఆ పాత ఫ్రేమేమో పక్క కార్డు మెమరీలో ఉంది. అది ఇటు వచ్చేదాకా ఈ కార్డు ఆగాలి. ఆగితే రెండో కార్డు పెట్టిన ఫలితమే పోతుంది.

మెమరీ సంగతీ చెప్పాలి. రెండు 8 జీబీలు కలిస్తే 16 అనుకుంటారు. కాదు. రెండు కార్డులూ అవే టెక్స్చర్లని (గేమ్‌లో వస్తువుల మీద పరిచే బొమ్మల్ని) చెరో కాపీ పెట్టుకుంటాయి, గేమ్‌కి అందేది 8 జీబీయే.

2015లో డైరెక్ట్ఎక్స్ 12 (గేమ్‌కి, గ్రాఫిక్స్ కార్డుకి మధ్య నిలిచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) వచ్చినప్పుడు నేను చాలా ఆశపడ్డాను. దాంతో యాషెస్ ఆఫ్ ది సింగులారిటీ అనే గేమ్‌లో ఒక ఏఎండీ కార్డు, ఒక ఎన్విడియా కార్డు కలిసి పనిచేశాయంటే నమ్ముతారా! కానీ రెండు కార్డులకీ పని పంచే భారం, అప్పటిదాకా డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మోసినది, గేమ్ తయారుచేసేవాళ్ల మీద పడింది. రెండు కార్డులున్న కొద్దిమంది కోసం నెలల పని ఎవరు పెట్టుకుంటారు? వాళ్లని తప్పు పట్టలేను.

ఆ తర్వాత తలుపులు ఒక్కోటీ మూసుకున్నాయి. 2016లో జీటీఎక్స్ 1060కి బ్రిడ్జి పెట్టే చోటే లేదు. 2019లో ఏఎండీ ఆర్ఎక్స్ 5700కి క్రాస్‌ఫైర్ ఇవ్వలేదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌లో మొదట వచ్చిన కార్డుల్లో బ్రిడ్జి కనెక్టర్ ఒక్క 3090కే మిగిలింది. 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైల్స్ (ఒక్కో గేమ్‌కి డ్రైవర్‌లో పెట్టే సెట్టింగ్స్) ఉండవని ఎన్విడియా ప్రకటించింది. 2022లో వచ్చిన 4090కి ఆ కనెక్టరూ లేదు.

ఇంట్లో ఏఐ మోడల్స్ నడిపేవాళ్లకి మాత్రం నా సలహా వేరు. వాళ్లు రెండు 3090లు పెట్టుకుంటే అర్థముంది. మోడల్‌లో కొన్ని పొరలు ఒక కార్డులో, మిగతావి ఇంకోదాంట్లో పెట్టొచ్చు. అక్కడ 24, 24 కలిస్తే నిజంగానే 48 జీబీ. బ్రిడ్జి కూడా తప్పనిసరి కాదు.

ఇక ఈ సిస్టమ్ సంగతి. పవర్ ఆఫ్ చేశాను. బ్రిడ్జి ఇలా రెండు చివర్లూ పట్టుకుని సమానంగా లాగాలి, ఒక పక్కే లాగితే కనెక్టర్ విరుగుతుంది. ఇది నా డెస్క్ సొరుగులో దాచుకుంటున్నా. కింది కార్డు మా అక్క కొడుక్కి. వాడింకా ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ మీదే ఆడుతున్నాడు. సాయంత్రం వెళ్లి నేనే బిగించి వస్తాను.