బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌కి చిన్న బ్యాగు కొంటున్నారా? ముందు పార పెట్టే అర చూడండి

నమస్కారం. ఇవాళ బల్ల మీద నాలుగు చిన్న బ్యాగులు పెట్టాను. అన్నీ 18 నుంచి 25 లీటర్ల మధ్యవే. లిఫ్టులు, గస్తీ సిబ్బంది ఉండే రిసార్టు హద్దు దాటి, సొంత కాళ్లతో కొండెక్కి, ఎవరూ తొక్కని మంచులో స్కీల మీదో స్నోబోర్డు మీదో దిగేవాళ్ల కోసం తయారైనవి ఇవి. దీన్నే బ్యాక్‌కంట్రీ అంటాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకి ఎలాంటి బ్యాగు కావాలో చూద్దాం.

చాలామంది మొదట ఎన్ని లీటర్లు అని చూస్తారు, తర్వాత బరువు చూస్తారు. నేను మాత్రం అన్నిటికంటే ముందు ఈ జిప్ తీస్తాను. ఇదిగో, బ్యాగు ముందువైపు విడిగా ఉన్న ఈ అర. ఇందులో పార, ప్రోబ్ (మంచులో గుచ్చి మనిషిని వెతికే మడత కడ్డీ), ఈ రెండే ఉండాలి. ఇంకేమీ పెట్టకూడదు, తినే బిస్కెట్ కూడా.

ఎందుకంత పట్టుదల అంటే, మంచు చరియలు విరిగిపడి మనిషి కూరుకుపోతే అతన్ని కాపాడగలిగేది పక్కనున్న తోటివాళ్లే. మొదటి 10, 15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత అది ఒక్కసారిగా పడిపోతుంది. బయటి నుంచి సహాయ బృందం అంతలోపల చేరుకోవడం చాలా అరుదు. ఒంటికి కట్టుకునే ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, దాన్నిబట్టి మనిషి ఏ చోట ఉన్నాడో తెలుస్తుంది. పొడుగాటి ప్రోబ్‌తో గుచ్చితే ఎంత లోతులో ఉన్నాడో తెలుస్తుంది. మిగిలిందంతా తవ్వడమే. ఎక్కువ సమయం తినేసేది కూడా అదే, ఎందుకంటే జారి ఆగిన మంచు గట్టిగా బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు పార కోసం జాకెట్టూ నీళ్ల సీసా బయటికి లాగి పడేస్తూ కూర్చుంటే ఎలా?

అందుకే షాపుకి వెళ్లేటప్పుడు మీ పార, ప్రోబ్ రెండూ వెంట తీసుకెళ్లండి. పార రేకు పూర్తిగా లోపలికి వెళ్లాలి. పిడి, మడిచిన ప్రోబ్ నిలువుగా పట్టాలి. ప్రోబ్‌లు 240 నుంచి 300 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, మడిచినా చాలా పొట్టివేం కావు. పొట్టి బ్యాగుల్లో తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఈ నీలం బ్యాగు చూడండి. పిడి పైన తేలుతోంది, జిప్ పూర్తిగా పడటం లేదు. పార రేకుని బయట పట్టీకి తగిలించుకోవచ్చని కొందరు అంటారు, దయచేసి అలా చేయకండి. మంచు మిమ్మల్ని ఈడ్చుకెళ్తే ముందు ఊడిపోయేది అదే.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. స్కీలు, బోర్డు బిగించే పట్టీలు ఏ దారిన వెళ్తున్నాయో చూడండి. కొన్ని బ్యాగుల్లో ఆ పట్టీలు సరిగ్గా పార అర జిప్ మీదుగానే పోతాయి. బోర్డు వీపున కట్టుకుని నడుస్తున్నప్పుడు ఏదైనా జరిగితే, రెండు బకిల్స్ విప్పి, బోర్డు తీసి పక్కన పెడితే గానీ పార చేతికి రాదు. స్నోబోర్డు వాళ్లకి ఇది పూర్తిగా తప్పించుకోలేని సమస్య, కానీ ఎన్ని బకిల్స్ విప్పాలన్నది బ్యాగుని బట్టి మారుతుంది. మందపాటి గ్లౌజులు వేసుకునే ఇదంతా చేసి చూడండి. గ్లౌజుతో పట్టుకోలేని జిప్ ఉన్న బ్యాగుని నేనైతే కొనను.

ట్రాన్సీవర్ మాత్రం బ్యాగులో పెట్టకూడదు, అది ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. బ్యాగుకీ దానికీ ఒక సంబంధం ఉంది. ఈమధ్య ఛాతీ పట్టీలకి అయస్కాంతపు బకిల్స్ వస్తున్నాయి. సరదాగా, సులువుగా ఉంటాయి. కానీ ట్రాన్సీవర్ ఉండేదీ దాదాపు అక్కడే. అయస్కాంతాలు, ఫోన్లు దాని పనికి అడ్డు తగలొచ్చు. ఫోన్ లాంటివి మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలన్నది అందరూ పాటించే నియమం. కాబట్టి ప్లాస్టిక్ బకిల్ ఉన్న ఛాతీ పట్టీయే మంచిది.

ఇప్పుడు లీటర్ల సంగతి. ఒక పూట కోసం లోపల ఏం పెడతాం? ఆగినప్పుడు వేసుకునే వెచ్చటి జాకెట్, అదనపు గ్లౌజులు, నీళ్లు, తిండి, ఫస్ట్ ఎయిడ్, హెడ్‌ల్యాంప్, మనిషి దెబ్బతిని కదల్లేకపోతే చుట్టడానికి పల్చటి ఎమర్జెన్సీ సంచి, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఊడితే బిగించడానికి చిన్న టూల్, రెండు మూడు రబ్బరు స్ట్రాప్‌లు. వీటికి తోడు, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించి, దిగేటప్పుడు ఊడదీసే స్కిన్స్ అనే పట్టీలు కూడా. 18 లీటర్లలో ఇవన్నీ కుక్కితే పడతాయేమో గానీ, చలిగాలిలో మళ్లీ సర్దుకోవడం నరకం. రోజంతా తిరిగేవాళ్లకి 22 నుంచి 25 సరిపోతుందని నా అభిప్రాయం. లిఫ్టు దిగి కాస్త దూరం నడిచి, ఒక్కసారి దిగి వచ్చేసేవాళ్లకి 18 చాలు. స్ప్లిట్‌బోర్డు (ఎక్కేటప్పుడు రెండు స్కీల్లా విడదీసే స్నోబోర్డు) వాళ్లు మాత్రం కాస్త పెద్దదే తీసుకోండి. మీ స్కిన్స్ వెడల్పుగా ఉంటాయి, దిగేటప్పుడు మడిచిన పోల్స్ (చేతికర్రలు) కూడా బ్యాగుకే ఎక్కుతాయి. తాడు, ఐస్ యాక్స్ మోయాల్సిన దారైతే 30 దాటక తప్పదు.

స్కీలు మోయడానికి రెండు పద్ధతులున్నాయి. రెండు పక్కలా చెరొకటి పెట్టి పైన కొసలు కలిపి కట్టడం ఒకటి, రెండూ కలిపి వీపు మీద ఏటవాలుగా కట్టడం ఇంకొకటి. సగం ఖాళీగా ఉన్న చిన్న బ్యాగుకి పక్కల కడితే అది కుంచించుకుపోయి స్కీలు ఊగుతాయి, కాబట్టి ఏటవాలు పద్ధతే నాకు ఇష్టం. కింద స్కీ దూర్చే ఉచ్చు గట్టిగా ఉందో లేదో తడిమి చూడండి. స్కీ అంచులు ఉక్కువి, పల్చటి పట్టీని కోసేస్తాయి.

వీపుకి ఆనుకునే వైపు మెష్ ఉంటే వద్దు. ఎండాకాలపు ట్రెక్కింగ్‌కి అది బాగుంటుంది, మంచులో పెడితే మాత్రం కన్నాల్లో మంచు ఇరుక్కుని, కరిగి, వీపు తడిసిపోతుంది. నున్నటి ఫోమ్ ఉంటే చేత్తో దులిపేయొచ్చు. ఇదిగో, ఈ ఎర్ర బ్యాగుకి వీపువైపే పెద్ద జిప్ ఉంది. ముందువైపు మంచులో పడేసినా మనం తెరిచేది పొడిగా ఉన్న వైపే. పైగా అడుగున ఉన్న వస్తువు కూడా వెంటనే దొరుకుతుంది. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది.

బ్యాగులోని నీళ్లు తాగడానికి పెట్టుకునే గొట్టంలో నీళ్లు చలికి గడ్డకడతాయి. సీసాయే నయం.

ఎయిర్‌బ్యాగ్ ఉన్నది తీసుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. చిన్నా పెద్దా రాళ్లు కలిపి డబ్బాలో వేసి కుదిపితే పెద్దవి పైకి చేరతాయి కదా, అదే దీని సూత్రం. హ్యాండిల్ లాగగానే బెలూన్ ఉబ్బి మనిషిని పెద్దగా చేస్తుంది, జారే మంచులో పైన ఉండే అవకాశం పెరుగుతుంది. గాలిని నొక్కిపట్టిన సిలిండర్‌తో పనిచేసేవి కొన్ని, కరెంటు ఫ్యాన్‌తో పనిచేసేవి కొన్ని. ఫ్యాన్ రకాన్ని ఇంట్లో మళ్లీ మళ్లీ ఉబ్బించి సాధన చేయొచ్చు, అది పెద్ద లాభం. సిలిండర్ రకమైతే విమానంలో తీసుకెళ్లే ముందు ఆ సంస్థ నియమాలు కనుక్కోవాలి. ఏ రకమైనా బరువు పెరుగుతుంది, లోపల చోటు తగ్గుతుంది. చెట్టుకో రాయికో గుద్దుకుంటే అది ఏమీ చేయలేదు. డబ్బు, బరువు రెండూ భరించగలిగితే తీసుకోండి అనే చెబుతాను. కానీ తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ప్రతిసారీ పెట్టుకోండి, హ్యాండిల్‌ని బయల్దేరేముందే దాని అరలోంచి బయటికి తీసి ఉంచండి. ఆ పట్టీ లేకపోతే మంచు బ్యాగుని తల మీదుగా లాగేస్తుంది.

చివరిగా ఒక ప్రశ్న: మామూలు ట్రెక్కింగ్ బ్యాగు ఉంటే సరిపోదా? కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు, శిక్షకుడి వెంట తేలికైన వాలుల్లో తిరిగేటప్పుడు సరిపోతుంది. అప్పుడు పార, ప్రోబ్ అన్నిటికంటే పైన పెట్టండి. వేలాడే పట్టీలన్నీ చుట్టి టేప్ వేయండి, లిఫ్టు కుర్చీలో కూర్చునేటప్పుడు బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకోండి, ఆ పట్టీలు కుర్చీకి చిక్కుకుంటాయి. మీ వెంట వచ్చేవాళ్లకి పార ఎక్కడుందో కొండెక్కక ముందే చూపించండి, వాళ్లది ఎక్కడుందో అడిగి చూడండి.