పరావలయ ఖండం వైశాల్యం: ఆర్కిమెడిస్ నడిచిన దారిలో

నమస్కారం. ఒక వంపు రేఖ, ఒక సరళరేఖ కలిసి చుట్టుముట్టిన ప్రదేశపు వైశాల్యాన్ని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్ నగరానికి చెందిన ఆర్కిమెడిస్ ఎలా రాబట్టాడో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివినవారు ఇదే లెక్కను నిశ్చిత సమాకలనంతో రెండు మూడు వరుసల్లో చేసేస్తారు. ఈ రోజు ఆ సూత్రాన్ని పక్కన పెట్టి, త్రిభుజాలతోనే జవాబు చేరుకుందాం. ఒక గ్రాఫ్ కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకుని, నేను గీసే ప్రతి గీతనూ మీరు కూడా గీస్తూ రండి.

ముందుగా గ్రీకుల దృష్టిలో వైశాల్యం కనుక్కోవడమంటే ఏమిటో తెలియాలి. వారు వైశాల్యాన్ని ఒక సంఖ్యగా చెప్పేవారు కారు. ఈ ఆకారం ఫలానా చతురస్రానికో, ఫలానా త్రిభుజానికో సమానమని నిరూపించేవారు. వంపు ఆకారాల్లో ఇలాంటి ఫలితం సాధించిన తొలి వ్యక్తిగా మనకు తెలిసినవాడు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దానికి చెందిన కియోస్ ద్వీపవాసి హిప్పోక్రటీస్. ఈయన వైద్యుడైన హిప్పోక్రటీస్ కాదు, వేరే వ్యక్తి. ఒక వృత్తంలో పావు భాగాన్ని తీసుకుని, దాని రెండు కొసలనూ కలిపే జ్యాను వ్యాసంగా చేసుకుని బయటివైపు ఒక అర్ధవృత్తం గీయండి. ఆ జ్యా మీది వర్గం వ్యాసార్థం మీది వర్గానికి రెట్టింపు కనుక, కొత్త అర్ధవృత్తం వైశాల్యం సరిగ్గా ఆ పావు వృత్తం వైశాల్యానికి సమానమవుతుంది. ఇప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న సన్నని వృత్తఖండాన్ని రెండింటి నుంచీ తీసివేస్తే, ఒకవైపు నెలవంక, మరొకవైపు లంబకోణ త్రిభుజం మిగులుతాయి. అంటే ఆ నెలవంక వైశాల్యం త్రిభుజ వైశాల్యమే.

ఇది ఎంత అందమైన ఫలితమైనా, వృత్తఖండాలు రెండు వైపులా రద్దు కావడం వల్లే ఇక్కడ పని జరిగింది. ఏ వంపూ రద్దు కాని చోట ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి పూర్తి సమాధానం దొరికిన మొదటి ఆకారాల్లో పరావలయ ఖండం ఒకటి. ఇక దాన్నే గీద్దాం.

గ్రాఫ్ కాగితం మీద అక్షాలు గీసి, 1 సెంటీమీటరును 1 యూనిట్‌గా తీసుకుని, y విలువ x వర్గానికి సమానమయ్యే పరావలయాన్ని గీయండి. x విలువ మైనస్ 2 అయినచోట A అనీ, 2 అయినచోట B అనీ గుర్తులు పెట్టండి. ఆ రెండు బిందువులూ 4 ఎత్తులో ఉంటాయి. A నుంచి B కి జ్యా గీయండి. ఈ జ్యాకూ, కింది వంపుకూ మధ్యనున్న ప్రదేశమే మన పరావలయ ఖండం. ఆర్కిమెడిస్ ఇలాంటి నిరూపక అక్షాలు వాడలేదు, అవి చాలా తరువాతి కాలానివి. ఆయన నిష్పత్తులతో చెప్పిన దాన్నే మనకు అలవాటైన కాగితం మీద చూస్తున్నాం.

జ్యా మధ్యబిందువు నుంచి అక్షానికి సమాంతరంగా కిందికి గీత గీస్తే అది వంపును C దగ్గర తాకుతుంది. మన పటంలో C మూలబిందువే. A, B, C లను కలిపితే వచ్చే త్రిభుజం అడ్డం 4, ఎత్తు 4, వైశాల్యం 8. ఇప్పుడు ఇరుపక్కలా రెండు చిన్న ఖండాలు మిగిలాయి. కుడివైపు ఖండాన్ని తీసుకుందాం. C నుంచి B వరకూ ఉన్న జ్యా మధ్యబిందువు 1, 2 వద్ద ఉంది. దానికి సూటిగా కింద వంపు మీది బిందువు 1, 1 వద్ద ఉంది. వాటి మధ్య నిలువు దూరం 1. అందువల్ల అక్కడ ఇమిడే త్రిభుజం వైశాల్యం, అడ్డం 2 ను నిలువు దూరం 1 తో గుణించి సగం చేస్తే, 1 వస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. అడ్డం సగమైంది, కానీ నిలువు దూరం నాలుగో వంతుకు తగ్గింది. ఈ పరావలయం మీద ఏ జ్యా తీసుకున్నా, దాని మధ్యబిందువు నుంచి వంపు వరకూ ఉండే నిలువు దూరం, అడ్డం వెడల్పులో సగానికి వర్గం అవుతుంది. కాబట్టి వెడల్పు సగమైన ప్రతిసారీ త్రిభుజం 8వ వంతుకు తగ్గుతుంది. అలాంటి త్రిభుజాలు రెండేసి చొప్పున పుడతాయి కనుక, ఒక్కొక్క దశలో కొత్తగా చేరే మొత్తం, ముందరి దశలో చేరినదానిలో నాలుగో వంతు. మొదట 8, తరువాత 2, తరువాత అర, తరువాత 8లో ఒక వంతు. మూడో దశలోని నాలుగు త్రిభుజాలను కూడా గీసి చూడండి. అవి ఎంత సన్నగా ఉంటాయంటే పెన్సిలు మొన బాగా చెక్కి ఉంటే తప్ప వంపుకూ వాటి భుజాలకూ తేడా తెలియదు.

ఈ దశలన్నింటినీ కూడడానికి ఆర్కిమెడిస్ వాడిన ఉపాయం నాకు ఈ మొత్తం రచనలోకెల్లా ఇష్టమైనది. ఎక్కడ ఆగినా సరే, చివరి దశలో చేరిన మొత్తంలో మూడో వంతును అదనంగా కలపమంటాడు. 8, 2, అర కూడితే పదిన్నర. అరలో మూడో వంతు అంటే 6లో ఒక వంతు కలిపితే 10, మూడింట రెండు. ఇంకో దశ ముందుకు వెళ్లి చూసినా అదే 10, మూడింట రెండు. ఎందుకంటే ఏ దశ మొత్తానికైనా దాని మూడో వంతు కలిపితే, అది మూడింట నాలుగు అవుతుంది. ఆ దశ ముందరి దశలో నాలుగో వంతు కనుక, వచ్చిన ఫలితం ముందరి దశలో మూడో వంతు అవుతుంది. అలా ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగుతూ వస్తే, చివరకు మొదటి త్రిభుజానికి మూడింట నాలుగు మాత్రమే నిలుస్తుంది. మన పటంలో అది 8కి మూడింట నాలుగు, అంటే 10, మూడింట రెండు.

ఇక్కడికి వచ్చాక, దశలు అనంతంగా సాగితే ఆ చివరి మూడో వంతు సున్నా అవుతుందని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆర్కిమెడిస్ ఆ మాట ఎక్కడా అనలేదు. ఆయన దశల సంఖ్య ఎప్పుడూ పరిమితమే. వైశాల్యం ఇంతకంటే ఎక్కువా కాదు, ఇంతకంటే తక్కువా కాదు అని రెండు వైపుల నుంచీ నిరూపించి వాదాన్ని మూసివేస్తాడు. దానికి ఒక్క ఆధారం చాలు: ఒక రాశి నుంచి ప్రతిసారీ సగానికి మించి తీసివేస్తూ పోతే, మిగిలేది మనం ఎంచుకున్న ఎంత చిన్న రాశికన్నా కూడా చిన్నదైపోతుంది. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ అనే జ్యామితి రచనలోని పదో గ్రంథంలో మొదటి సిద్ధాంతంగా దీన్నే నిలిపాడు. వృత్తాల వైశాల్యాలు వాటి వ్యాసాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయని పన్నెండో గ్రంథంలో నిరూపించినప్పుడు దీన్నే వాడాడు. మన త్రిభుజాలు సగానికి మించి తీసివేస్తున్నాయా? పటం చూడండి. C దగ్గర స్పర్శరేఖ గీసి, A, B ల నుంచి కిందికి నిలువు గీతలు దించితే 16 వైశాల్యం గల చతురస్రం ఏర్పడుతుంది. ఖండమంతా దాని లోపలే ఉంది, త్రిభుజం దానిలో సరిగ్గా సగం. కనుక త్రిభుజం ఖండంలో సగానికి మించినదే. చిన్న ఖండాల్లో చతురస్రానికి బదులు సమాంతర చతుర్భుజం వస్తుంది, వాదం మారదు.

ఇప్పుడు ఎవరైనా ఖండం వైశాల్యం 10.7 అని వాదించారనుకోండి. మిగులు 0.03 కంటే తగ్గేవరకూ త్రిభుజాలు నింపుతూ పోదాం. అప్పుడు త్రిభుజాల మొత్తం 10.67 దాటాలి. కానీ ఆ మొత్తం ఎప్పుడూ 10, మూడింట రెండు కంటే చివరి దశలో మూడో వంతు మేరకు తక్కువే ఉంటుందని చూశాం, 10.67 దాటడం అసాధ్యం. మరొకరు వైశాల్యం 10.66 మాత్రమే అన్నారనుకోండి. ఆరో దశ వరకూ కూడితే 63 త్రిభుజాల మొత్తం 10.664 దాటుతుంది. లోపల ఇమిడిన త్రిభుజాలు తమను ఇముడ్చుకున్న ఖండం కంటే పెద్దవి ఎలా అవుతాయి? ఎంత దగ్గరి సంఖ్య చెప్పినా ఇదే గతి పడుతుంది. అందువల్ల వైశాల్యం 10, మూడింట రెండు తప్ప మరొకటి కాజాలదు. ఈ కచ్చితత్వాన్ని మీరు నెమ్మదిగా, రెండు మూడు సార్లు వెనక్కి వెళ్లి అయినా సరే, అర్థం చేసుకోవాలని నా కోరిక.

అయితే ఈ పద్ధతికి జవాబు ముందే తెలిసి ఉండాలి కదా, మూడింట నాలుగు అని ఆయనకు ఎలా తోచింది? దీనికి సమాధానం అలెగ్జాండ్రియా పండితుడు ఎరటోస్థనీస్‌కు ఆయన రాసిన మరో రచనలో ఉంది. ఖండాన్ని సమాంతర రేఖలుగా ఊహించుకుని, ఒక్కొక్క రేఖనూ త్రాసులో ఒక త్రిభుజపు రేఖతో తూచి, ఈ ఫలితాన్ని ముందుగా కనుక్కున్నానని, కానీ దాన్ని నిరూపణగా లెక్కించరాదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. ఆ రచన ఉన్న పదో శతాబ్దపు తోలు ప్రతిని పదమూడో శతాబ్దంలో గీకివేసి, దాని మీద ప్రార్థనలు రాశారు. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థనల అడుగున మిగిలిన అక్షరాలను చదివి గుర్తుపట్టేదాకా, ఆర్కిమెడిస్ ఆలోచించిన తీరు లోకానికి తెలియలేదు.

ఇక మీరు చేయవలసిన అభ్యాసం. అదే పరావలయం మీద x విలువ మైనస్ 1 అయినచోటి నుంచి 3 అయినచోటికి ఒక వాలు జ్యా గీయండి. దాని మధ్యబిందువు 1, 5 వద్ద ఉంటుంది. అక్కడి నుంచి నిలువుగా కిందికి దిగి, వంపును తాకిన బిందువుతో త్రిభుజాన్ని పూర్తి చేసి, వైశాల్యం లెక్కించండి. పటంలో ఈ ఖండం మొదటి దానికంటే సన్నగా, పొడవుగా కనిపిస్తుంది. అయినా త్రిభుజం వైశాల్యం మళ్లీ 8 ఎందుకు వచ్చిందో, వెడల్పును చూసి చెప్పండి.