కొండ మీద దగ్గరి దారి

అందరికీ నమస్కారం. రేపు పొద్దున మనం మిషన్ పీక్ ఎక్కబోతున్నాం. అందుకే ఈ సాయంత్రం కాసేపు అడ్డదారుల గురించి మాట్లాడతానని నేనే అడిగాను.

కాలిఫోర్నియాలో మన ఫ్రీమాంట్‌లో ఉంటూ ఈ కొండ ఎక్కని తెలుగువాళ్లు తక్కువే. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ గేటు నుంచి వెళ్లి రావడానికి దాదాపు 6 మైళ్లు, 2,000 అడుగులకు పైగా ఎత్తు ఎక్కాలి. దారి మెలికలు తిరుగుతూ వెళ్తుంది. ఆ మలుపుల మధ్య గడ్డిని చీల్చుకుంటూ నిట్టనిలువుగా బోడి చారలు కనిపిస్తాయి. ఎవరూ వేసినవి కావు, మన కాళ్లు చేసినవి.

మొదటిసారి ఎక్కినప్పుడు నేనూ ఆ చారల వెంటే వెళ్లాను. తప్పనిపించలేదు. మా ఊళ్లో బడికి చేలకు అడ్డంపడి వెళ్లేవాళ్లం. నలుగురు నడిస్తే బాట పడేది, దుక్కి దున్నితే చెరిగిపోయేది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వచ్చినవాణ్ణి "దారి తెలీదా?" అని అడిగేవాళ్లం. మనలో చాలామందికి ఆ అలవాటు ఉంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ చదునైన చేను వేరు, వాలు కొండ వేరు. ఆ తేడా అంతా నీళ్లతోనే వస్తుంది.

కొండదారికి మలుపులు పెట్టేది మన ఆయాసం తగ్గించడానికి మాత్రమే కాదు. దారి వేసేవాళ్లు ఒక లెక్క పాటిస్తారు: దారి వాలు, కొండ వాలులో సగానికి మించకూడదు. అప్పుడు పైనుంచి వచ్చే వాననీళ్లు దారిని అడ్డంగా దాటి కిందికి జారిపోతాయి. మించితే నీళ్లు దారి వెంటే పరుగెడతాయి. మన అడ్డదారి సరిగ్గా నీళ్లు పారే వాలులోనే పడుతుంది. బూట్ల కింద గడ్డి వేళ్లు చస్తాయి, ఎండాకాలం మట్టి పొడిపొడి అవుతుంది. ఇక్కడ వానలు పడేది చలికాలంలో. ఆ వానకు పొడంతా కొట్టుకుపోయి గాడి పడుతుంది. గాడి లోతై, కింద ఉన్న అసలు దారినే కోసేస్తుంది. పొలం గట్టుకు గండి పడితే ఏమవుతుందో చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. పార్కు వాళ్లు బోర్డులు పెట్టారు, కంచెలు కట్టారు. ఆ కంచెలు దాటేవాళ్లనూ చూశాను. నిజంగా బాధేసింది.

అయితే దారి మారడం ప్రతిసారీ తప్పు కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దాదాపు 2,200 మైళ్లు సాగే అపలాచియన్ ట్రైల్ అనే కాలిబాట ఉంది. దానికి చెట్ల మీద తెల్ల గుర్తులుంటాయి, పక్కదారులకు నీలి గుర్తులు. ఒక్క తెల్ల గుర్తూ వదలకూడదని పట్టుబట్టేవాళ్లలో కొందరు, నీలి దారిన పోయినవాళ్లను చిన్నచూపు చూస్తారు. నాకది నచ్చదు. నీలి దారీ ఎవరో చెమటోడ్చి వేసిందే. నా బాధల్లా దారి లేని చోట దారి చేయడం గురించే.

అదే ట్రైల్ మీద 2013 జూలైలో, మెయిన్‌లో, 66 ఏళ్ల ఆవిడ ఒకరు కాలకృత్యాలకని పక్కకు వెళ్లారు. మళ్లీ దారి దొరకలేదు. సిగ్నల్ కోసం ఎత్తుకు ఎక్కారు, మెసేజ్‌లు వెళ్లలేదు. మూడు వారాలకు పైగా డేరాలో ఎదురుచూస్తూ డైరీ రాసుకున్నారు. 2015 అక్టోబరులో ఆ డేరా కనపడింది, ట్రైల్‌కు రెండు మైళ్ల లోపే. ఆమె దగ్గరి దారి వెతుక్కోలేదు, అవసరానికి వెళ్లారంతే. మిషన్ పీక్ మీద అంత అడవి లేదు. కానీ యోసెమిటీ నేషనల్ పార్కు అడవులకు బయల్దేరుతున్నవాళ్లు మనలో ఉన్నారు. పక్కకు వెళ్లాల్సి వస్తే మొహమాటపడకుండా పక్కవాళ్లకు చెప్పండి. ఒకరు దారి మీదే నిలబడాలి, మీ మాట వినిపించేంత దూరంలో.

ఇంకొకటి, బురద. బూట్లు పాడవుతాయని అందరం అంచు వెంట నడిస్తే దారి ఏటేటా వెడల్పవుతుంది. మధ్యలోంచే నడవండి. పాత బూట్లు వేసుకురండి.

రేపు నేను వరసలో చివర ఉంటాను. పిల్లలు ఆ చారల వైపు పరుగెత్తుతారు, అది సహజం. తిట్టకండి, నా దగ్గరికి పంపండి. రెండో మలుపు దగ్గర వాళ్లకు ఆ గాడి చూపించి, అందులో చెయ్యి పెట్టి లోతు కొలవమంటాను.