బ్రాడ్‌వే టికెట్లు తక్కువ ధరకి ఎలా కొనాలి? న్యూజెర్సీ నుంచి వెళ్లేవాళ్ల కోసం

నమస్తే అండీ! ఇండియా నుంచి మీ అమ్మానాన్న వచ్చారనుకోండి. మీరు లిబర్టీ విగ్రహం చూపించారు, టైమ్స్ స్క్వేర్ చూపించారు. ఈలోపు అమ్మ, "ఇక్కడ పెద్ద నాటకాలు ఆడతారట కదా?" అంది. అదే బ్రాడ్‌వే, న్యూయార్క్‌లో పెద్ద పెద్ద థియేటర్లలో ఆడే నాటకాలు, పాటల షోలు. మీరు టికెట్ ధర చూసి మాట మార్చేశారు. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. నలుగురికీ కలిపి ఆరు వందల డాలర్లు దాటేసరికి లాప్‌టాప్ మూసేశాను. మా అమ్మ చిన్నప్పుడు సురభి వాళ్ల నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి, అంత తేలిగ్గా వదల్లేదు. అలా వెతికి వెతికి నేర్చుకున్నవే ఇవాళ చెప్తాను.

ముందు ఒకటి తేల్చుకోండి. మంచి షో ఏదైనా పర్లేదా, ఫలానా షోనే కావాలా?

ఏదైనా పర్లేదంటే మీ పని సులువు. టైమ్స్ స్క్వేర్‌లో అందరూ కూర్చుని ఫొటోలు దిగే ఎర్ర మెట్లు ఉంటాయి కదా, వాటి కిందే టీకేటీఎస్ బూత్. లాభాపేక్ష లేని ఒక సంస్థ దీన్ని 1973 నుంచి నడుపుతోంది. ఆ రోజు షోలకి మిగిలిపోయిన సీట్లు చాలావరకు 20 నుంచి 50 శాతం తగ్గింపుతో అమ్ముతారు. ఇదిగో, నా ఫోన్‌లో వాళ్ల యాప్ చూడండి. షో పేరు, పక్కన తగ్గింపు శాతం. బూత్ దగ్గరున్న బోర్డులో ఏముందో ఇక్కడా అదే కనిపిస్తుంది. ట్రైన్‌లో ఉండగానే మూడు షోలు అనుకుని పెట్టుకోండి, మొదటిది అయిపోతే రెండోది అడగొచ్చు. కొనడం మాత్రం కౌంటర్ దగ్గరే.

లైన్ చూసి కంగారు పడకండి. పాటలు లేని మామూలు నాటకాలకి విడిగా ఒక కిటికీ ఉంటుంది, అక్కడ జనం తక్కువ. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఒకసారి అక్కడ కొన్న టికెట్ పారేయకండి. ఏడు రోజుల్లోపు మళ్లీ వెళ్లి చూపిస్తే పెద్ద లైన్‌లో నిలబడక్కర్లేదు.

ఇప్పుడు, ఇదే షో కావాలి అనేవాళ్ల సంగతి. వీళ్లకి రెండు దారులు. రష్, లాటరీ. రష్ అంటే ఆ రోజు షోకి కొన్ని సీట్లు తక్కువ ధరకి విడిగా పెట్టి, ముందొచ్చినవాళ్లకి ఇస్తారు. కొన్నిటికి పొద్దున్నే బాక్సాఫీస్ ముందు, అంటే ఆ థియేటర్ టికెట్ కౌంటర్ ముందు, నిలబడాలి, కొన్నిటికి యాప్‌లో వేలు వేగంగా కదలాలి. 1996లో 'రెంట్' అనే షో మొదటి రెండు వరుసలు 20 డాలర్లకే అమ్మింది, అప్పట్నుంచి ఈ పద్ధతి పాకిపోయింది. ఇప్పుడు ఆ ధర ఆశించకండి.

లాటరీ ఇంకా తేలిక, ఫోన్‌లో పేరు ఇచ్చేయడమే. 'హామిల్టన్' అనే షోకి లాటరీ టికెట్ పది డాలర్లే అంటే ఎంతమంది వేస్తారో ఊహించుకోండి! దాని మీదే ఆశ పెట్టుకుని పెద్దవాళ్లని బయల్దేరదీయొద్దు. గెలిస్తే వెంటనే డబ్బు కట్టాలి, చాలావాటికి గంటే టైమ్. నాకు ఒకసారి తగిలింది. ఆఫీసు మీటింగ్‌లో ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికొచ్చి చూసేసరికి గడువు దాటి పన్నెండు నిమిషాలు. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

లాటరీలూ లైన్లూ మావల్ల కాదంటారా? థియేటర్ బాక్సాఫీస్‌కే వెళ్లి కొనండి. ఆన్‌లైన్‌లో ఒక్కో టికెట్ మీద పడే సర్వీస్ ఫీజు అక్కడ ఉండదు. జనవరి, ఫిబ్రవరి చలిలో జనం పలచబడతారు, ఆ రోజుల్లోనే 'బ్రాడ్‌వే వీక్' పేరుతో ఒకటి కొంటే ఒకటి ఉచితం ఆఫర్ వస్తుంది. సెప్టెంబర్‌లో కూడా పెడతారు.

ఒక్క జాగ్రత్త. గూగుల్‌లో షో పేరు కొట్టగానే పైన వచ్చే ప్రకటనలు చాలాసార్లు మళ్లీ అమ్మేవాళ్లవి. అసలు సైట్ అనుకుని నేను ఒకసారి అలాగే కొన్నాను. టికెట్ మీద అచ్చయిన ధర చూస్తే నేను కట్టింది దాదాపు రెట్టింపు! షో సొంత సైట్ తెరిచి, అందులో టికెట్ల బటన్ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే కొనండి.

సీటు విషయంలో మాత్రం చౌక అని మురిసిపోకండి. ఈ థియేటర్లు చాలావరకు వందేళ్ల నాటివి, పై అంతస్తుకి చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే కౌంటర్‌లోనే "మెట్లు ఎన్ని ఎక్కాలి?" అని అడగండి, చెప్తారు. రష్‌లో వచ్చే మొదటి వరుసలో మెడ పైకెత్తి చూడాలి, నటుల కాళ్లు కనపడకపోవచ్చు. మా అమ్మకి అదే నచ్చింది, వాళ్ల చెమట కూడా కనిపిస్తోందని.

పెద్దవాళ్లతో అయితే బుధవారం మధ్యాహ్నం షో చూసుకోండి, వారాంతం కంటే చాలాసార్లు చౌక. రెండింటికి మొదలైతే ఒంటిగంటకల్లా అక్కడుండాలి. ఆలస్యమైతే వెంటనే లోపలికి పంపరు. లింకన్ టన్నెల్ ట్రాఫిక్‌ని నమ్మకుండా ట్రైన్‌లో పెన్ స్టేషన్‌కి వచ్చి దిగండి. అక్కడి నుంచి పావుగంట నడక, అమ్మావాళ్లతో అయితే అరగంట వేసుకోండి.