అప్పు గురించి బైబిల్ ఎవరితో మాట్లాడుతోంది?

(తెర మీద: సామెతలు 22:7)

అందరికీ వందనాలు.

“అప్పుచేయువాడు అప్పిచ్చువానికి దాసుడు.” ఈ వాక్యానికి పాలమూరులో వ్యాఖ్యానం అక్కర్లేదు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా ఎక్కడో డ్యాం పనిలోనో కాలువ పనిలోనో మట్టి మోసిన తాతలు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు అనే మాట మాత్రం ఊళ్లు వదిలి పోలేదు.

మనం ఈ వాక్యం చదివి, “కాబట్టి అప్పు చేయకండి” అని ముగిస్తాం. అది సగమే. మోషే ధర్మశాస్త్రం తెరిచి చూడండి. అప్పు గురించిన ఆజ్ఞల్లో ఎక్కువ భాగం చెప్పింది అప్పు తీసుకున్నవాడికి కాదు, ఇచ్చినవాడికి.

(తెర మీద: నిర్గమకాండము 22:25–27, ద్వితీయోపదేశకాండము 24:6, 10–13)

బీదవాడికి సొమ్ము ఇస్తే మిత్తి, అంటే వడ్డీ, కట్టొద్దు. వాడి పైబట్ట కుదువ పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలి, ఎందుకంటే రాత్రి కప్పుకోవడానికి వాడికి అదొక్కటే. తిరుగలిని తాకట్టు పట్టొద్దు, అది వాడి బతుకు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం అనిపించేది ఇంకొకటి: తాకట్టు వస్తువు కోసం వాడి ఇంట్లోకి వెళ్లొద్దు. బయటే నిలబడాలి. వాడే తెచ్చి ఇస్తాడు. బాకీ ఉన్నంత మాత్రాన మనిషి గడపకు మర్యాద పోదన్నమాట.

ఇప్పుడు మన వాడకట్టులో గిరిగిరి, అంటే రోజూ కట్టే అప్పు, వసూలుకు వచ్చే బండిని గుర్తు చేసుకోండి. అప్పు తీసుకున్న ఆమె మీద పిల్లల ముందే గొంతు పెంచుతారు. కొందరైతే ఏటీఎం కార్డు, రేషన్ కార్డు కూడా దగ్గర పెట్టుకుంటారు. ఇవాళ్టి తిరుగలి అదే కదా?

గిరిగిరి లెక్క ఒకసారి చేద్దాం. ఉదాహరణకు పది వేలు అని రాసుకుని, ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది. ఆ తగ్గే అసలు మీద చూస్తే నెలకు నూటికి ఆరు రూపాయల పైనే పడుతుంది.

(తెర మీద: నెహెమ్యా 5వ అధ్యాయం)

కరువొచ్చి, రాజుకు పన్ను కట్టలేక, యూదులు తమ పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తోటి యూదుల దగ్గరే కుదువ పెట్టారు. కొందరు బిడ్డలను దాసులుగా ఇచ్చారు. యూదుల అధిపతి నెహెమ్యాకు కోపం వచ్చింది. అప్పు తీసుకున్నవాళ్ల మీద కాదు, ప్రధానుల మీద, అధికారుల మీద. పొలాలతో పాటు, తీసుకుంటున్న నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. అది నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నూటికి రూపాయి! మన దగ్గర రెండు రూపాయల మిత్తికి ఇస్తే ఆయన మంచోడని పేరు.

ఒక మాట దాచకూడదు. పరదేశి దగ్గర వడ్డీ తీసుకోవచ్చని ద్వితీయోపదేశకాండము 23:20లో ఉంది. అందుకే బ్యాంకు వడ్డీ అంతా పాపమని నేను చెప్పను. ఈ ఆజ్ఞల కోపమంతా ఆకలితో వచ్చినవాడి మీద లాభం చేసుకోవడం మీద.

మరి తీసుకునేవాడికి ఏమీ లేదా? ఉంది. తీసుకుని తీర్చకపోవడాన్ని కీర్తన 37:21 భక్తిహీనుల లక్షణం అంటుంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని యేసు అన్నాడు, లూకా 14:28లో. నల్లగొండ రైతుకు ఆ గోపురం బోరు. మొదటిది ఎండితే రెండోది, అదీ ఎండితే ఇంకొకటి, ప్రతిదానికీ కొత్త అప్పు నోటు. మూడో బోరుకు సంతకం పెట్టేముందు ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని లెక్క వేయండి. బత్తాయి తోట ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో తెలియక కాదు ఈ మాట అంటున్నది.

ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చిన విధవరాలి సంగతి తెలిసిందే. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకులను పట్టుకుపోవడానికి వచ్చాడు. అద్భుతంగా నూనె దొరికాక ప్రవక్త చెప్పిన వరస చూడండి: అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. రెండవ రాజులు 4:7లో ఇంతే. ‘నాకు కానుక పంపు’ అనలేదు.

(తెర మీద: 2 కొరింథీయులకు 8:12, 9:7)

ఇక కానుకలు. సభల్లో చందా రాయించేటప్పుడు పక్కవాళ్లు చూస్తున్నారని, పొదుపు సంఘంలో తీసుకున్న లోను డబ్బులోంచి రాసేవాళ్లు ఉన్నారు. పౌలు ఉన్నదాన్ని బట్టే అన్నాడు, లేనిదాన్ని బట్టి కాదు. సణుగుతూ, బలవంతంగా ఇవ్వొద్దనీ అన్నాడు. దశమభాగం విషయానికొస్తే, దాన్ని మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 అందరికీ నోటికి వచ్చు. ద్వితీయోపదేశకాండము 14:28–29 మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మూడో ఏడు దశమభాగాన్ని ఊళ్లోనే ఉంచాలి. దాన్ని మందిర సేవ చేసే లేవీయుడితో పాటు పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు తిని తృప్తిపడాలి.

మీ చర్చి సంఘ పెద్దలు ఈ వీడియో చూస్తుంటే ఒక్కటే అడుగుతున్నాను. కానుకల పెట్టెలోంచి కొంత పక్కన పెట్టి, వానాకాలం విత్తనాలకు, ఆసుపత్రి ఖర్చుకు మిత్తి లేకుండా చేబదులు ఇవ్వగలరా? వసూలుకు వెళ్లినప్పుడు గడప బయటే నిలబడండి.