ఫోన్-ఇన్: సొంత భాషకు క్లాసులు పెట్టాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రోగ్రామింగ్ సందేహాల ఫోన్-ఇన్‌కు స్వాగతం. ఇంటర్‌ప్రెటర్ల మీద, అంటే రాసిన కోడ్‌ను చదివి నడిపించే ప్రోగ్రాంల మీద, చాలా ఏళ్లు పనిచేసిన ఇంజినీరు మనతో ఉన్నారు. మొదటి ఫోను కాకినాడ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష రాస్తున్నాం. ఓపెన్ సోర్స్‌గానే పెట్టాం. ఫంక్షన్లు, లిస్టులు, ఒక్కో పేరు (కీ) కింద ఒక్కో విలువ దాచే డిక్షనరీలు పనిచేస్తున్నాయి. ఆబ్జెక్టుల దగ్గర, అంటే డేటానూ దాని మీద పనిచేసే ఫంక్షన్లనూ ఒకచోట కట్టడం దగ్గర, ఆగిపోయాం. డిక్షనరీలోనే ఫంక్షన్లు పెట్టుకుంటే చాలని నేనంటాను. క్లాసులు, అంటే ఆబ్జెక్టులు తయారుచేసే అచ్చులు, లేని భాషను ఎవరూ ముట్టుకోరని వాడంటాడు. నెల రోజులుగా ఇదే గొడవ.

నిపుణుడు: నెల రోజులేగా బాబూ! పెర్ల్ అనే భాష వాళ్లకు ఇది తేలడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

వ్యాఖ్యాత: అన్నేళ్లా!

నిపుణుడు: 1994లో పెర్ల్ 5 వచ్చినప్పుడు ఆబ్జెక్టుల కోసం భాషలో పెట్టింది బహు స్వల్పం. ఏదో ఒక డేటా తీసుకుని దాని మీద ‘బ్లెస్’ అనే ఫంక్షన్ పిలిస్తే, అది ఫలానా ప్యాకేజీకి చెందిన ఆబ్జెక్టు అయిపోతుంది. అక్షింతలు వేసినట్టే. ఫీల్డులు, అంటే ఆబ్జెక్టులోని విలువలు, ఎక్కడ దాచాలి, ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టర్ ఎలా రాయాలి అన్నది మీ ఇష్టం. ఇక ఎవరి వంట వాళ్లు వండుకున్నారు. 2006లో ఆబ్జెక్టులు రాయడానికి మూస్ అనే మాడ్యూల్ వచ్చింది, బాగుందని చాలామంది అటు వెళ్లారు. అది బరువుగా ఉందని మౌస్ వచ్చింది, తర్వాత మూ వచ్చింది. చివరికి 2023లో, 5.38 వెర్షన్‌లో, క్లాస్, ఫీల్డ్, మెథడ్ (ఆబ్జెక్టుకు చెందిన ఫంక్షన్) అనే పదాలు భాషలోకే చేరాయి. అదీ ప్రయోగాత్మకం అనే ముద్రతోనే.

శ్రోత: అంటే మావాడిదే గెలుపా సార్?

నిపుణుడు: తొందరపడకండి. మీ డిక్షనరీలో లేని కీకి విలువ రాస్తే ఏమవుతుంది?

శ్రోత: ఆ కీ కొత్తగా చేరుతుంది.

నిపుణుడు: బ్యాంకు ఖాతా ఆబ్జెక్టు చేశారనుకోండి. ‘నిల్వ’ అనే కీలో 500 ఉంది. జమ చేసే మెథడ్‌లో పొరపాటున ‘నిలవ’ అని రాశారు. ఇంటర్‌ప్రెటర్ కిక్కురుమనదు. కొత్త కీ పుడుతుంది, జమ చేసిన డబ్బు అందులో పడుతుంది, పాసుపుస్తకంలో మాత్రం 500 అలాగే ఉంటుంది. పెర్ల్‌లో పాత పద్ధతి ఆబ్జెక్టుల్లో సరిగ్గా ఇదే జరిగేది. కొత్త పద్ధతిలో ఫీల్డు అంటే ముందుగా ప్రకటించిన చరరాశి. ప్రకటించని పేరు కనిపిస్తే ప్రోగ్రాం నడవకముందే ఆగిపోతుంది. మీ గొడవ క్లాసుల గురించి అనుకుంటున్నారు. నన్నడిగితే ఫీల్డుల పేర్లు ఎవరు కాపలా కాస్తారన్నదే అసలు గొడవ.

శ్రోత: కానీ లువా అనే భాషలో క్లాసులు లేవు కదా సార్? అందరూ వాడుతూనే ఉన్నారు.

నిపుణుడు: మంచి మాట. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన భాష అది. టేబుల్ ఉంటుంది, దానికి మెటాటేబుల్ తగిలిస్తారు. ఒక పేరు ఈ టేబుల్‌లో లేకపోతే ఎక్కడ వెతకాలో మెటాటేబుల్ చెబుతుంది. అంతే సరంజామా. ఎందుకు సరిపోయిందంటే, లువా ఎక్కువగా మరొక ప్రోగ్రాంలో, ఏ ఆటలోనో, కాపురం ఉంటుంది. ఆ ఇంటి పద్ధతే దాని పద్ధతి. మరి మీ భాషలో ఒకరు రాసిన లైబ్రరీని ఇంకొకరు వాడతారా?

శ్రోత: వాడాలనే సార్ మా ఆశ.

నిపుణుడు: అయితే క్లాసు భాషలోనే పెట్టండి, ఒక్కటే పద్ధతి పెట్టండి. ఫీల్డులు ప్రకటించి తీరాలి. ఒక క్లాసు ఇంకో క్లాసు నుంచి ఫీల్డులూ మెథడ్‌లూ తీసుకునే ఇన్హెరిటెన్స్ మాత్రం ఇప్పుడే వద్దు. గో భాష 2009 నుంచి అది లేకుండానే, ఏ మెథడ్‌లు ఉండాలో మాత్రమే చెప్పే ఇంటర్‌ఫేసులతో బతుకుతోంది. కావాలంటే తర్వాత చేర్చవచ్చు. చేర్చినదాన్ని తీసేయడమే కష్టం. పైథాన్ 2001 డిసెంబరులో కొత్త తరహా క్లాసులు తెచ్చింది. పాతవి 2008లో పైథాన్ 3 వచ్చేదాకా పక్కనే ఉన్నాయి. ఆ ఏడేళ్లూ క్లాసు పేరు పక్కన బ్రాకెట్లలో ‘ఆబ్జెక్ట్’ అని రాస్తే ఒక రకం, మరిచిపోతే ఇంకో రకం.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను హైదరాబాద్ నుంచి.

శ్రోత: నమస్కారం అండి. నేను వ్యవసాయ గణాంకాల్లో పరిశోధన చేస్తున్నాను. గణాంకాలకు వాడే ఆర్ భాషలో, ఆబ్జెక్టులు రాసే పద్ధతుల్లో, నా ప్యాకేజీకి ఎస్3 వాడాలా, ఎస్4 వాడాలా, ఆర్6 వాడాలా?

నిపుణుడు: మోడల్ వేసి ఫలితం చూపించడమేనా అమ్మా?

శ్రోత: అంతేనండి.

నిపుణుడు: ఎస్3 చాలు. క్లాసు పేరును ఒక లక్షణంగా తగిలిస్తారు, ప్రింట్ తర్వాత చుక్క పెట్టి ఆ పేరుతో ఫంక్షన్ రాస్తారు. కాకపోతే దాన్ని తనిఖీ చేసేవారు ఎవరూ ఉండరు. పైగా ఆ చుక్కతో ఒక తమాషా ఉంది. ‘టి’ అంటే మాట్రిక్స్‌ను తిప్పే ఫంక్షన్. ‘టి చుక్క టెస్ట్’ అని చూస్తే టెస్ట్ అనే క్లాసుకు రాసిన ‘టి’ అనిపిస్తుంది. నిజానికి అది మీరు రోజూ చేసే టి-పరీక్ష! మీ ఫంక్షన్ల మామూలు పేర్లలో చుక్క పెట్టకండి. ఫీల్డుల రకాలు గట్టిగా తనిఖీ కావాలంటే ఎస్4. విలువ అక్కడికక్కడే మారుతూ ఉండే ఆబ్జెక్టు కావాలంటే ఆర్6.

వ్యాఖ్యాత: ఇంకొక ఫోను. ఇదీ కాకినాడ నుంచే!

శ్రోత: సార్, ఇందాక ఫోను చేసినవాడి స్నేహితుడిని. క్లాసులు పెట్టమన్నందుకు చాలా సంతోషం. ఇన్హెరిటెన్స్ కూడా పెట్టేద్దాం సార్, ఇద్దరు తల్లిదండ్రుల నుంచి తీసుకునేలా.

నిపుణుడు: ఇద్దరిలోనూ ఒకే పేరుతో మెథడ్ ఉంటే ఏది తీసుకోవాలి? ఆ ఇద్దరికీ పైన ఒకే తాత ఉంటే ఎవరి తర్వాత ఎవరిని వెతకాలి? పైథాన్ 2.3లో దీనికోసం సీ3 అనే క్రమం తెచ్చారు. వరస కుదరకపోతే క్లాసునే తయారుచేయనంటుంది. మీ భాషలో ఆ లెక్క ఎవరు రాస్తారు?

శ్రోత: ఇంటర్‌ప్రెటర్ వాడిదే సార్. నేను వెబ్‌సైట్ చూస్తాను.

నిపుణుడు: అయితే వాడినే అడిగి ఫోను చేయండి బాబూ.