తెల్ల మచ్చలో రంగు కణాలు బతికున్నాయా?

అందరికీ నమస్కారం.

కాలిన గాయమో, ఆపరేషన్ కోతో మానిపోయి ఏళ్లు గడిచినా కొందరికి అక్కడ తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. "గాయం మానిందిగా, ఇంకా బాధ దేనికి?" అంటుంటారు చుట్టూ ఉన్నవాళ్లు. దయచేసి ఆ మాట అనకండి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా తీయలేని మనిషికి అది చిన్న విషయం కాదు.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. చర్మం పై పొర అడుగున ఉండే మెలనోసైట్లు అనే కణాలు దాన్ని తయారు చేస్తాయి. గాయం లోతుగా తగిలితే ఆ కణాలు పూర్తిగా పోవచ్చు, లేదా ఉండి కూడా పని మానేయవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం వేరు. అందుకే ఏ క్రీము రాయాలి, ఏ లేజర్ మంచిది అని అడిగే ముందు, మచ్చలో కణాలు మిగిలాయా లేదా అన్నది తేల్చుకోవాలి. డాక్టర్ చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం వేసి చూస్తే, రంగు బొత్తిగా లేని చోటు తళతళా తెల్లగా మెరుస్తుంది. మచ్చలో నల్ల వెంట్రుకలు ఉంటే అది మంచి గుర్తు. వెంట్రుక కుదుళ్లలో దాగి ఉన్న రంగు కణాలు అక్కడి నుంచి పైకి రాగలవు.

కణాలు ఉన్నాయనుకుంటే వాటిని మేల్కొలపాలి. 308 నానోమీటర్ల ఎక్సైమర్ అనే అతినీలలోహిత కాంతిని మచ్చ వరకే పడేలా వారానికి ఒకటి రెండుసార్లు ఇస్తారు. రంగు మెల్లగా వస్తుంది. అయితే ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ వెలిసిపోవచ్చు కాబట్టి మధ్యమధ్యలో తిరిగి చేయించుకోవాల్సి రావచ్చు. ఈ విషయం ముందే చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఫ్రాక్షనల్ లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసి బైమటోప్రోస్ట్ రాసే పద్ధతి కూడా ఉంది. అది నిజానికి గ్లాకోమాకు, అంటే కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బుకు, వాడే కంటి చుక్కల మందు. వాడినవాళ్ల కనురెప్పలు నల్లబడటం చూశాకే చర్మం మీద ప్రయత్నించాలన్న ఆలోచన వచ్చింది.

కణాలే లేకపోతే ఎంత కాంతి పెట్టినా లాభం తక్కువ. అప్పుడు వేరే చోటి నుంచి కణాలు తెచ్చి నాటాలి. తొడ మీద నుంచి పలుచని చర్మం తీసి, అందులోని కణాలను విడదీసి ద్రవంలో కలిపి, గీకి సిద్ధం చేసిన మచ్చ మీద పరుస్తారు. తీసిన చర్మానికి సుమారు పది రెట్ల విస్తీర్ణం వరకు కప్పవచ్చు. బొల్లి కోసం ఈ పద్ధతిని 1992లో ఫ్రాన్స్ డాక్టర్లు వివరించారు. మచ్చలకూ వాడుతున్నాం. రంగు రావడానికి నెలలు పడుతుంది, కొత్త రంగు పక్క చర్మంతో అచ్చంగా కలవకపోవచ్చు. గాయాలు కెలాయిడ్‌గా, అంటే గాయం హద్దులు దాటి పెరిగే గట్టి మచ్చగా, ఉబ్బే తత్వం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, లేకపోతే పాత మచ్చ పక్కన కొత్తది వస్తుంది.

మెడికల్ టాటూ, అంటే చర్మం రంగుతో వేసే పచ్చబొట్టు, చిన్న మచ్చలకు బాగానే ఉంటుంది. కానీ ఎండకు పక్క చర్మం నల్లబడుతుంది, పచ్చబొట్టు నల్లబడదు. కాలక్రమంలో అది వెలిసిపోతుంది కూడా. ఇదే కారణంతో సన్‌స్క్రీన్ మచ్చకే కాదు, చుట్టూ ఉన్న చర్మానికీ రాయాలి. చుట్టూ నల్లబడేకొద్దీ మచ్చ మరింత తెల్లగా కనిపిస్తుంది. ఏ చికిత్సా వద్దనుకునేవారికి మచ్చను కప్పే క్రీములు ఉన్నాయి. వాటిని వాడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తొందరపడొద్దు. మచ్చ కుదురుకోవడానికి ఏడాది వరకు పడుతుంది, ఈలోగా రంగు తనంతట తానే తిరిగి రావచ్చు. కెలాయిడ్‌కు వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల తెల్లబడిన చోటు కూడా చాలామందిలో నెలల్లో సర్దుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. గాయమే తగలని చోట తెల్ల మచ్చ వచ్చి, అక్కడ తాకితే స్పర్శ తెలియకపోతే వెంటనే చర్మ డాక్టర్‌కు చూపించండి. అది కుష్ఠువ్యాధి కావచ్చు, మందులతో పూర్తిగా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు మచ్చ చూపించడం ఇబ్బంది అనుకుంటే, చివరిదాకా ఇక్కడే ఉంటాను, విడిగా వచ్చి చూపించండి.